పెండ్లినాఁటి పళ్లెము

మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకుఁ గల మన తీరగ్రామములలో పెండ్లి వీడియోను డీవీడీపై నెక్కించి దాఁచుకొన్న యిండ్లు పెక్కులు. మా యెఱుకలోని యొక యింట, గతించిన అత్తగారి కంఠమును ముసలి మామగారికి వినిపింపఁగోరి కోడలు అట్టి పళ్లెమును బెట్టఁగా, అది కంప్యూటరున నాడెనే గాని టీవీ క్రింది యంత్రమున నాడలేదు. కంప్యూటరు ముట్టని ఆ వృద్ధుఁడు మాఱుపలుకక లేచిపోయెను.

పళ్లెము చెడలేదు, వీడియోను వట్టి ఫైలుగ నెక్కించిరి. పాత యంత్రములు డీవీడీ-వీడియో పద్ధతినే చదువును. చిత్రము ఎంపెగ్-2 రూపమున, మన దేశపు పాల్ విధమున, 720×576 కొలతతో సెకనుకు 25 చిత్రములుగ నుండవలెను. అమెరికాలోని బిడ్డలకుఁ బంపునది ఎన్‌టీఎస్‌సీ విధమున వేఱుగఁ జేయింపుఁడు; అచ్చటి యంత్రములు పెక్కు పాల్ పళ్లెమును జదువవు.

ఒంటిపొర పళ్లెమున 4.7 జీబీ పట్టును. రెండు గంటలకు మించి క్రుక్కినచో బొమ్మ మసకబాఱును. మిగిలినది రెండవ పళ్లెమున కెక్కింపుఁడు. డీవీడీ-ఆర్ మేలు, చెఱిపి వ్రాయు ఆర్‌డబ్ల్యూ వలదు. మిక్కిలి వేగముగ నెక్కింపనీయక, తుదిని 'ఫైనలైజ్' చేయింపుఁడు. సొమ్మిచ్చుటకు ముందే మీ యంత్రమున నాడించి చూడుఁడు.

వ్రాఁత నిలుచునది రంగుపొరయందు గనుక ఎండయు, సముద్రపుఁ దేమయుఁ దగులనీయక డబ్బాలో నిలువుగ నుంచుఁడు. మూల వీడియోను వేఱొకచోట దాఁచుఁడు.

ఆ కోడలు మరల సరిగ నెక్కింపించినది. మామగా రిప్పుడు ప్రతి శుక్రవారమును ఆ కంఠమును వినుచున్నారు.