పొరుగువారి అభ్యంతరము – నగరధర్మము

హైదరాబాదు నగరమునకు పడమట మణికొండ, పుప్పాలగూడ, నల్లగండ్ల, కోకాపేట మొదలగు శివారులలో నేడొక వివాదము ఇంటింటను వినవచ్చుచున్నది. ఒకప్పుడు రెండువందల గజముల ప్లాటు కొని, అప్పుచేసి ఇల్లు కట్టుకొని, వాకిట వేపమొక్క నాటుకొన్న కాలనీవాసుల కన్నులయెదుటనే, ప్రహరీకి ఆవలి ఖాళీనేలలో ముప్పది నలుబది అంతస్తుల టవర్లు లేచుచున్నవి. కాలనీ సంక్షేమసంఘములవారు అధికారులకు అర్జీలు పెట్టుకొనుచున్నారు. కొందరు హైకోర్టు మెట్లెక్కుచున్నారు. బిల్డర్లు వీరిని అభివృద్ధి నిరోధకులనుచుండగా, వీరు బిల్డర్లను భూభక్షకులనుచున్నారు. ఈ రెండు నిందల నడుమ విచారింపదగిన ధర్మము మరుగుపడుచున్నది.

ఈ ఎత్తునకు మూలమేదో తెలియనిదే వాదము తేలదు. దేశమునందలి పెక్కు నగరములలో ఒక స్థలమున ఎంత విస్తీర్ణము కట్టవచ్చునో నిర్ణయించు హద్దుగా ఫ్లోర్ స్పేస్ ఇండెక్సు ఉండగా, హైదరాబాదునందు 2006 నాటి భవననిర్మాణ నియమములు ఆ హద్దును తొలగించినవి. 2012 నాటి నియమములును ఆ మార్గమునే అనుసరించినవి. అప్పటినుండి భవనపు ఎత్తును ప్రధానముగా నిర్ణయించుచు వచ్చినవి ఎదుటి రోడ్డు వెడల్పును, చుట్టును విడువవలసిన సెట్‌బ్యాకును. ఇందలి లోపమేమన, ఈ నియమము భవనము ఎదుటి రోడ్డును కొలుచును గాని, ఆ రోడ్డు పోయి కలియు కూడలిని కొలువదు. నేలపై విడిచిన జాగాను లెక్కించును గాని, నేలక్రింది మురుగుగొట్టము ఎందరికొరకు వేయబడినదో విచారింపదు.

కావున కాలనీవాసుల అభ్యంతరములలో సగము ముమ్మాటికిని న్యాయమైనవి. నగరమునకు వచ్చు కృష్ణా గోదావరీ జలములు నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి, ఎంతో విద్యుత్తు వెచ్చించి ఎత్తిపోయబడుచున్నవి. ఆ నీరు చాలని శివారులలో వేసవి వచ్చునప్పటికి బోర్లు ఎండి, ట్యాంకరు కొరకు ఎదురుచూచుట నిత్యకృత్యమగుచున్నది. వందల కుటుంబములు కొత్తగా చేరి అదే భూగర్భజలమును తోడుకొననున్నప్పుడు, ముందునుండి ఉన్నవాడు భయపడుట స్వార్థము కాదు. 2020 అక్టోబరు వానలకు చెరువుల మిగులునీరు దారిలేక ఇండ్లలోనికి చొరబడినప్పుడు, నాలాలను ఇరుకుచేసిన పాపమునకు ఫలమనుభవించినవారు వాటిని ఇరుకుచేసినవారు కారు. అట్టి అనుభవముగలవాడు పక్కస్థలమున పునాది గొయ్యి చూచి, ఇందలి వాననీరు ఎక్కడికి పోవునని ప్రశ్నించినచో, ఆ ప్రశ్నకు సమాధానము పటముమీద చూపవలసిన బాధ్యత అనుమతినిచ్చువారిది.

అయితే తక్కిన సగమును మనస్సాక్షితో పరీక్షించుకొనవలసియున్నది. అద్దెకుండువారు వత్తురనియు, ఒంటరి ఉద్యోగులు చేరుదురనియు, కాలనీ మర్యాద చెడుననియు చెప్పు మాటలు నీటిగూర్చిన మాటలు కావు, మనుష్యుల గూర్చిన మాటలు. నేటి కాలనీలును నిన్నటి పొలములే. కూకట్‌పల్లి చేలలో హౌసింగు బోర్డు కాలనీ వెలసినప్పుడు అందు దిగినవారు గుంటూరు, కరీంనగరు, అనంతపురము మొదలగు జిల్లాలనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చినవారే. తాను ఎక్కిన రైలుపెట్టెలో పిమ్మట వచ్చువారికి తలుపు మూయువాని న్యాయము నగరమునకు పనికిరాదు. పనికి చేరువలో గూడు కోరుకొను నర్సునకును, డ్రైవరునకును, కొత్తగా కాపురము పెట్టిన జంటకును ఈ శివారులో చోటు లేదనుటకు ఎవరికిని హక్కు లేదు.

ఇంకొక సంగతి. ఉద్యోగములకు దగ్గరనున్న భూమిలో ఇండ్లు దట్టముగా కట్టనీయకున్నచో, నగరము నిలిచిపోదు. ఇంకను దూరముగా, నగరపు జలాశయముల పరీవాహకము వైపునకును ప్రాకును. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను పురస్కరించుకొని ఉస్మాన్‌సాగరు జలాశయము 1920 నాటికిని, హిమాయత్‌సాగరు జలాశయము 1927 నాటికిని నిర్మితములైనవి. వాటి పరీవాహకమున 84 గ్రామములందు నిర్మాణములను కట్టడిచేయుచు 1996లో 111వ సంఖ్య ఉత్తర్వు వెలువడినది. 2022లో ప్రభుత్వము దాని ఆంక్షలను తొలగించుచు ఉత్తర్వు ఇచ్చినది. ఉద్యోగములకు చేరువ నేలలో ఎత్తునకు అడ్డుచెప్పుచు, అంతకు ఆవల ఆ చెరువుల పరీవాహకము ప్లాట్లుగా మారుచుండగా మౌనము వహించుట పర్యావరణరక్షణ అనిపించుకొనదు. చోటు కావలసిన జనులకు చోటు చూపక తప్పదు. అది నీరుపుట్టు నేలపై కాకుండుట మేలు.

మరి ఈ న్యాయాన్యాయములు వేరుపడుటకు వేదిక యేది? ఇదియే నా వాదమునకు మూలము. భూవినియోగమును మార్చునప్పుడు అభ్యంతరములు కోరుచు ప్రకటన వెలువడును. కాని అదివరకే నివాసమండలముగా నున్న నేలలో టవరు కట్టునప్పుడు పొరుగువానిని పిలిచి అడుగువారు లేరు. 2006 నాటి కేంద్ర పర్యావరణ ప్రభావమదింపు ప్రకటన సయితము భవననిర్మాణములకును, టౌన్‌షిప్పులకును ప్రజాభిప్రాయసేకరణ నుండి మినహాయింపు ఇచ్చినది. గని త్రవ్వుటకు గ్రామస్థుల మాట వినవలెనని విధించిన శాసనము, వేలమంది నివసింపబోవు కట్టడమునకు పక్కవీధివారి మాట వినవలెనని విధింపలేదు. ముందుగా వినబడని గొంతు తరువాత కోర్టులో వినబడును. అప్పటికి ఫ్లాటు కొన్నవాని అప్పును, కాలనీవాని ఆక్రోశమును ముడివడి ఎవ్వరికిని ఊరట దొరకదు.

కావున చేయవలసినది స్పష్టము. 74వ రాజ్యాంగసవరణ మూడులక్షలును అంతకుమించియు జనాభాగల పట్టణములకు వార్డు కమిటీలను విధించినది. పెద్ద నిర్మాణముల పటములను, నీటి లెక్కను, మురుగు దారిని అనుమతికి పూర్వమే ఆ కమిటీ యెదుట తెలుగులో ఉంచవలెను. ప్రతి అభ్యంతరమునకును కారణసహితమైన ప్రత్యుత్తరము వ్రాతమూలముగా ఈయవలెను. ఎత్తైన భవనముల నుండి వసూలు చేయు ఇంపాక్టు ఫీజును ఆ ప్రాంతపు నాలాకును, పైపులైనుకును, బస్సుకును వెచ్చింపవలెను. నీటి కనెక్షనును, మురుగునీటి శుద్ధికేంద్రమును సిద్ధము కానిదే ఆక్యుపెన్సీ సర్టిఫికెటు ఈయరాదు. కాలనీవాసులును అంతస్తుల సంఖ్యపై పట్టు విడిచి, ఈ వసతులపై పట్టుపట్టవలెను. కొత్తగా వచ్చువారికిని ఆ నీరే, ఆ రోడ్డే కావలెను గనుక, ఆ పోరాటములో వారు ప్రత్యర్థులు కారు, తోడునీడలు.