తీపికి చుట్టమైన మాట

హెడోనిజం అన్న మాటను మన వ్యాసకర్తలు చాలామంది భోగలాలస అని తెలుగు చేస్తున్నారు. అది తప్పని మా అభిప్రాయం. గ్రీకులో ‘హెదోనె’ అంటే సుఖం. తియ్యనిది, ఇంపైనది అనే అర్థమున్న ‘హెదుస్’ దానికి దగ్గరి చుట్టం. సంస్కృతంలో పదం మొదట నిలిచిన ప్రాచీన సకారం గ్రీకులో హకారమైంది. మన సప్త అక్కడ ‘హెప్త’. ఆ లెక్కన హెదుస్‌కు తోబుట్టువు మన ‘స్వాదు’. ఆస్వాదన ఆ ఇంటి మాటే, ఇంగ్లీషు ‘స్వీట్’ కూడా. లాలస ఆ ఇంటిది కాదు. అది తీరని కోరిక పేరు. హెదోనె కోరిక కాదు, అనుభవం.

మాట అర్థాన్ని తేల్చేది వాడుకే గాని ధాతువు కాదనవచ్చు. నిజమే. అయితే సుఖమే పరమార్థమన్న ఆ సిద్ధాంతాన్ని నమ్మినవారి వాడుకే చూద్దాం. గ్రీకు తాత్వికుడు ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341–270), విందులూ తాగుడూ కావు, ఒంటికి నొప్పి, మనసుకు కలత లేకపోవడమే సుఖమని మెనీసియస్‌కు రాసిన లేఖలో స్పష్టంగా చెప్పాడు. కాస్త జున్ను పంపితే అదే తనకు విందని మిత్రుణ్ణి అడిగినట్టు తాత్వికుల జీవితాలు రాసిన డయోజెనిస్ లేర్షియస్ నమోదు చేశాడు. ఎపిక్యూరస్ దృష్టిలో లాలస అణగిన చోటే సుఖం. అతనికి ముందువాడు, సోక్రటీసు శిష్యుడు, సైరీన్ నగరవాసి అరిస్టిపస్ సంగతి వేరు. అతని బడి ఆ క్షణపు శారీరక సుఖానికే పెద్దపీట వేసింది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ సుఖాన్ని అనుభవిస్తూనే దానికి బానిస కాకుండా ఉండడం తన గొప్పగా అతను చెప్పుకున్నట్టే మనకు తెలుస్తోంది. లాలస అన్న మాట అతనికీ అతకదు.

మరి సుఖవాదులు భోగలాలసులన్న ఈ అపకీర్తి ఎక్కడిది? చాలావరకు ప్రత్యర్థులు అంటగట్టినదే. మన చార్వాకులకూ అదే గతి పట్టింది. వారి మూలగ్రంథాలు పోయాయి. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో ఖండించడానికి ఎత్తుకున్న రూపంలోనే వారు ఎక్కువమందికి తెలుసు. ఖండించవలసిన సిద్ధాంతాన్నైనా దాని సొంత పేరుతో పిలవాలి గదా! సుఖవాదం అన్న మాట మనకు ఉండనే ఉంది. సిద్ధాంతాన్ని చెప్పేటప్పుడు అదే రాయమని అనువాదకులను కోరుతున్నాం. భోగలాలసను ఆ జబ్బు నిజంగా ఉన్నచోటే వాడుకుందాం.