పాతతుపాకికి కొత్తమెరుగు

నాచారము, ఉప్పల్ పారిశ్రామికవాడలలోని పనిశాలలలో ఇనుమునకు మెరుగు పెట్టుట నిత్యకృత్యము. తుప్పు పట్టిన యంత్రభాగమును సానచక్రముపై రాచి, నికెల్ పూత పూసినచో అది తిరిగి పనికి వచ్చును. దాని వెలయును పెరుగును. అక్కడ మెరుపు గుణమే. కాని ఈ న్యాయమునే తాతలనాటి తుపాకికి కూడ వర్తింపజేయువారు మనలో కలరు. గోడకు వ్రేలాడుచు నల్లబడిన తుపాకిని కొత్తదానివలె మెరిపించినచో దాని వెల రెట్టింపగునని వారి నమ్మకము. నిజమునకు జరుగునది ఇందుకు విపరీతము.

కారణము సులభగ్రాహ్యము. యంత్రభాగమును కొనువాడు అది చేయు పనికొరకు కొనును. పాతతుపాకిని కొను సంగ్రాహకుడు అది చెప్పు సాక్ష్యముకొరకు కొనును. గొట్టముపై కొట్టిన కర్మాగారపు ముద్ర, పరీక్షించిన గుర్తు, వరుససంఖ్య, చేతిరాపిడికి నునుపెక్కిన కఱ్ఱ, ఇవియే ఆ సాక్ష్యపు అక్షరములు. గొట్టమునకు తయారైననాడు ఇచ్చిన నీలివన్నెగాని గోధుమవన్నెగాని పైకి పూసిన రంగు కాదు. పనివాడు తన అదుపులో ఉక్కుపై కట్టించిన పలుచని ఆక్సైడు పొర. సానచక్రము దానిని క్షణములో తొలగించును. దానితోపాటు అంచులు గుండ్రబడును, మరలు దిగిన రంధ్రములచుట్టు పల్లములు పడును, ముద్రలు మాసిపోవును. పిదప ఎంత చక్కని నీలివన్నె వేయించినను, ఆ మొద్దుబారిన అంచులే తెలిసినవానికి గుట్టు చెప్పును. అరిగిపోయిన లోహమును మరల మొలిపింపగల పనివాడు లేడు.

మన ప్రాంతపు ఆయుధముల విషయమున ఈ నష్టము మరింత హెచ్చు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకనాడు ఉక్కుకు పేరుపడిన ఊరు. అక్కడి ఉక్కు కత్తుల తయారీకై పారసీక దేశమునకు తరలిపోయెడిది. ఆ జాతి ఉక్కుపై నీటి అలలవంటి రేఖలు కానవచ్చును. ఇనుముపై సన్నని గాట్లు పెట్టి, బంగారు తీగను అదిమి చేసిన నగిషీ మరియొక అందము. రెండును పైభాగముననే కంటికి కానవచ్చునవి, మోటుసానకు మొదట బలియగునవి అవియే. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియములోని ఆయుధములను చూడబోవు విద్యార్థి మెరుపును గాక ఇట్టి గుర్తులను వెదకవలెను.

అట్లయిన తుప్పు తినివేయుచుండగా చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? ఈ ప్రశ్న న్యాయమైనదే. సంరక్షణము వేరు, మెరుగుపెట్టుట వేరు. పొడిగా రాలు ఎర్రతుప్పును ఆపవలసినదే. అందులకు మెత్తని గుడ్డ, కొలదిగా నూనె, తేమలేని చోటు చాలును. అంతకు మించినది నిపుణుని పని. స్థిరపడిన నల్లని పాతవన్నె మాత్రము ముట్టదగినది కాదు. సైనిక ఆయుధాగారములలో పూర్వమే మరల వన్నె వేసిన తుపాకులు కలవు. ఆ వన్నెయు వాని చరిత్రలోని భాగమే. గుర్తులన్నియు ఎన్నడో చెరిగిపోయిన వస్తువునకు మరల వన్నె వేయించినను పోవునది స్వల్పము. కాని అమ్మునపుడు ఆ సంగతి దాచుట మోసము.

తుపాకి పాతదైనంత మాత్రమున చట్టమునకు వెలుపలిది కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతిలేని పనిశాల తుపాకిని బాగుచేయరాదు. బాగుచేసినను పేలుటకు వీలులేని పాతకాలపు ఆయుధమునకే ఆ చట్టమున మినహాయింపు కలదు. చరిత్ర, కళల దృష్టితో విలువగలిగి నూరేండ్లు నిండిన వస్తువులు 1972 నాటి ప్రాచీనవస్తువుల చట్టము క్రిందికి వచ్చును. వానిని ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు.

ఇందు ఉపాధ్యాయులు గమనింపవలసినది ఒకటి కలదు. పాఠశాల ప్రదర్శనమునకు పాతనాణెములు తెచ్చు పిల్లలను చింతపండుతో తోమి తెండని పురమాయించుట మనకు అలవాటు. తుపాకికి చెప్పిన నియమమే నాణెమునకును చెల్లును. దానిపై నున్న అక్షరమును, అరుగుదలను, మరకను ముందు పిల్లలచేత చదివింపవలెను. అట్లు చదువ నేర్చిన పిల్లవాడు రేపు ఇంటనున్న పాతవస్తువును సానచక్రమునకు పంపుటకు ముందు ఒకమారు ఆలోచించును.