టీవీలో తెలుగు భీముడు, పుస్తకంలో ఇంగ్లీషు భీముడు

పోయిన వేసవిలో ఊరెళ్ళే ముందు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర నాలుగు ఛోటా భీమ్ కామిక్స్ కొన్నాను, మా మేనల్లుడి కోసం. వాడికి ఏడేళ్ళు, రెండో తరగతి, ఇంగ్లీష్ మీడియం. పుస్తకాలూ ఇంగ్లీషువే. తెలుగులో ఉన్నాయా అని అక్కడ అడగను కూడా అడగలేదు. "పోన్లే, వాడికి ఇంగ్లీషైనా వస్తుంది" అనుకున్నా. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది :)

మాది కోనరావుపేట. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా, 2016 దాకా కరీంనగర్ జిల్లా. మా బాపు చాలా ఏళ్ళు సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. పెద్దగా చదువుకోలేదు కానీ తెలుగు పేపరు చేతికిస్తే మొదటి పేజీ నుంచి టెండరు నోటీసుల దాకా దేన్నీ వదలడు. మావాడు పుస్తకం తీసుకెళ్ళి సరాసరి ఆయన ఒళ్ళో పెట్టి "సదువు తాతా" అన్నాడు. బాపు ఒకటి రెండు పేజీలు తిప్పి, బొమ్మలు చూసి సొంతంగా కథ అల్లడం మొదలుపెట్టాడు. అట్టే సేపు సాగలేదు. "గట్ల లేదు తాతా, కాలియా గట్ల అనడు" అని వీడు పట్టేసుకున్నాడు. కార్టూన్ మొత్తం కంఠతా మరి! బాపు పుస్తకం నా చేతికిచ్చి, "గిది నాకొచ్చే సదువు గాదురా, నువ్వే సెప్పు" అని లేచి బయట అరుగు మీద కూర్చున్నాడు.

పోనీ వాడైనా చదవగలిగాడా అంటే అదీ లేదు. అక్షరాలు కూడబలుక్కుని ఒక్కో మాటా పైకి అంటాడు, అర్థం మాత్రం తెలీదు. అంటే నేను కొన్న పుస్తకం ఆ ఇంట్లో చదవాలనుకున్న ఇద్దరికీ పనికిరాలేదు.

తమాషా ఏంటంటే, ఈ భీముడు ఎక్కడో పుట్టినవాడు కాదు. మన హైదరాబాదువాడే. రాజీవ్ చిలకా 2001లో మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళ సృష్టి. పోగో ఛానల్లో 2008లో మొదలైంది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మా ఇంట్లో కేబుల్ కనెక్షన్‌కి కొన్నాళ్ళు హిందీలో, తర్వాత తెలుగులో వచ్చేది. లడ్డూ తినగానే బలం రావడం, కాలియా గొప్పలకి పోయి దెబ్బ తినడం, పక్కన ధోలు భోలు తాళం వేయడం.. కథ ఎప్పుడూ ఒకటే. అయినా చూసేవాళ్ళం.

మామూలుగా బొమ్మల కథ ముందు పుట్టి తర్వాత తెర మీదికెళ్తుంది. మోటు పత్లూనే తీసుకోండి, లోట్‌పోట్ పత్రికలోంచి 2012లో నికెలోడియన్‌కి వెళ్ళారు. ఛోటా భీమ్‌ది ఎదురు దారి, టీవీలో గెలిచి పుస్తకంలోకి వచ్చాడు. ఇలా వచ్చిన వాటిని "టీవీ పేరు చెప్పి అమ్ముకునే సరుకు" అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు మాత్రం చదవడం నేర్చుకునే పిల్లాడికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకదంటాను. ఎందుకంటే వాడికి మనుషులు తెలుసు, కథ తెలుసు, ఎవరేం అంటారో కూడా సగం తెలుసు. తెలియనివి అక్షరాలే. టీవీ దాని వేగంతో అది పోతుంది. పుస్తకమైతే వీడు ఆగిన చోట ఆగుతుంది. కానీ ఇదంతా పుస్తకం వాడి ఇంటి భాషలో ఉంటేనే.

సరే, మన వృత్తి మనం చేద్దామని కూర్చున్నా. తెల్ల స్టిక్కర్ కాగితం మీద తెలుగు మాటలు రాసి, బుడగల సైజుకి కత్తిరించి, ఇంగ్లీషు మాటల మీద అంటించా. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో హాట్‌ఫిక్స్ :) అప్పుడు తెలిసింది ఇది అనుకున్నంత సులువు కాదని. ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలు గోడ ఇటుకల్లా ఒకే ఎత్తులో పేర్చుకుపోతాయి. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు. రెండు వరుసలు దగ్గరగా రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ఇంగ్లీషులో మూడు వరుసలు పట్టిన బుడగలో నాకు రెండే పట్టాయి. చాలాచోట్ల మాటలు తగ్గించాల్సొచ్చింది. ముప్పై పేజీలకి మూడు సాయంత్రాలు పట్టింది.

కానీ ఆలోచించండి, బొమ్మలు ఒక్కటి కూడా మార్చలేదు. రోజూ మనం చేసే పనే కదా ఇది? స్క్రీన్ మీది మాటల్ని కోడ్‌లో కలపకుండా విడిగా పెట్టుకుంటాం, భాష మారితే ఆ ఫైలు ఒక్కటి మారుస్తాం. కంప్యూటర్‌లో తయారయ్యే కామిక్‌లోనూ బొమ్మ ఒక పొర, మాట ఇంకో పొరగా పెట్టుకోవచ్చు. బుడగ గీసేటప్పుడే ఒత్తులకి కాస్త చోటు వదిలితే చాలు.

ఇదేమీ కొత్త ఐడియా కూడా కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ చేసిందదే. మద్రాసులో ఒక్క బొమ్మ వేస్తే, అదే బొమ్మ పక్కన తెలుగు, తమిళం, కన్నడం, హిందీ.. ఇలా పన్నెండుకి పైగా భాషల్లో కథ అచ్చయ్యేది. అప్పుడు మన చేతిలో ఉన్నవి సీసపు అక్షరాలు. ఇప్పుడు యూనికోడ్ ఉంది, బోలెడన్ని తెలుగు ఫాంట్లున్నాయి. అయినా నేను తర్వాత సిరిసిల్లలో రెండు కొట్లలో, వేములవాడలో గుడి దగ్గర ఒక కొట్లో "భీమ్ కథల పుస్తకం తెలుగులో ఉందా" అని అడిగితే లేదన్నారు. భీముడి బొమ్మతో స్కూలు బ్యాగుంది, నీళ్ళ సీసా ఉంది, పెన్సిల్ డబ్బా ఉంది. పుస్తకం లేదు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మైటీ లిటిల్ భీమ్'లో అసలు మాటలే ఉండవు, అందుకే ఏ దేశం పిల్లాడైనా చూడగలడు. హైదరాబాదు భీముడు అంత దూరం వెళ్ళాడు, నూట యాభై కిలోమీటర్ల అవతలున్న మా ఊరికి తెలుగు పుస్తకమై మాత్రం రాలేదు.

"తెలుగులో వేస్తే కొనేదెవరు?" అంటారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. అచ్చేసి గోడౌన్లో పెట్టుకోమని ఎవరికీ చెప్పలేం. కానీ జవాబు ఎక్కడుందో చూడండి. బ్యాగు కొనేటప్పుడు లెక్క చూసుకోని మనం, పుస్తకం దగ్గరికొచ్చేసరికి "ఇంగ్లీషైనా వస్తుంది" అని ఇంగ్లీషుదే తీస్తాం. నేను తీయలేదూ? అడగనివాడికి ఎవరు తెచ్చిపెడతారు? 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ మీడియం బడైనా తెలుగు చెప్పాల్సిందే. అంటే అక్షరాలు బడిలో వస్తాయి. వచ్చిన అక్షరాలతో సరదాగా చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. లేకపోతే తెలుగంటే పరీక్షే అనుకుంటాడు.

స్టిక్కర్లు అంటించిన పుస్తకం మళ్ళీ బాపు ఒళ్ళోకి వెళ్ళింది. ఈసారి ఆయన అక్షరాల కింద వేలు పెట్టి చదివాడు. "అచ్చరాలు జెర పెద్దగ రాయొద్దారా" అని నన్ను తిట్టాడు కూడా. నాలుగో పేజీలో ఒకచోట బాపు ఆగితే, మావాడు ముందుకి వంగి "ల.. డ్డూ.. లడ్డూ!" అన్నాడు. 'డ'కి డావత్తు వాళ్ళ బళ్ళో ఇంకా చెప్పలేదట.

మిగతా మూడు పుస్తకాలకి ఇంకా స్టిక్కర్లు వేయాలి. ఈలోపు మీరు పిల్లలకి పుస్తకం కొనడానికెళ్తే, దొరకదని తెలిసినా సరే, "తెలుగులో ఉందా?" అని ఒక్కసారి అడగండి. పదిమంది అడిగితే కొట్టువాడు పైకి అడుగుతాడు. నేనైతే ఇకమీదట అడక్కుండా కొనను. మీరేమంటారు?