డక్కీకి అన్యాయం జరిగిందా?

ఒకప్పుడు ప్రాణస్నేహితులు. మధ్యలో ఏదో మాటా మాటా వచ్చి ముఖాలు చూసుకోవడం మానేశారు. సరిగ్గా అప్పుడే మాస్టారు ఇద్దర్నీ ఒకే కమిటీలో పడేసి, స్కూలు డాన్సు ఏర్పాట్లు మీవేనన్నారు! ఇక చెప్పేదేముంది? రంగు కాగితాలు కట్టేటప్పుడు పోట్లాట, నిచ్చెన పట్టుకునేటప్పుడు దొంగచూపులు, ఆఖరి రాత్రి అదే హాల్లో చేతిలో చెయ్యి... అమెరికా కుర్రకారు నవలల్లో, సినిమాల్లో ఈ కథ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం నా వల్ల కాదు.

ఆ డాన్సు పేరు ప్రామ్. హైస్కూలు చదువు ముగిసే రోజుల్లో జరుగుతుంది. మన ఫేర్‌వెల్ పార్టీ లాంటిదేగా అనకండి. ఫేర్‌వెల్‌కి ఒక్కరే వెళ్ళినా, గుంపుగా వెళ్ళినా అడిగేవాడు లేడు. ప్రామ్‌కి జంటగా వెళ్ళడం ఆనవాయితీ. టిక్కెట్టు కొనాలి, అబ్బాయి సూటు అద్దెకు తేవాలి, అమ్మాయికి కొత్త గౌను కావాలి. కాబట్టి ‘ఎవరితో వెళ్తున్నావ్?’ అన్న ఒక్క ప్రశ్నలో ప్రేమా వుంది, అంతస్తూ వుంది, నాన్నగారి జేబూ వుంది.

ఈ మూడింటినీ ముడేసిన సినిమా 1986లో వచ్చిన ‘ప్రెట్టీ ఇన్ పింక్’. రాసింది జాన్ హ్యూస్. డైరెక్టరు హోవర్డ్ డాయిచ్‌కి అదే మొదటి చిత్రం. పేదింటి అమ్మాయి ఆండీగా మాలీ రింగ్‌వాల్డ్, డబ్బున్న అబ్బాయి బ్లేన్‌గా ఆండ్రూ మెకార్తీ. ఇక ఆండీ వెనకే తిరిగే స్నేహితుడు డక్కీగా జాన్ క్రైయర్. ఈ డక్కీ వున్నాడే... సైకిలేసుకుని ఆమె ఇంటి ముందు చక్కర్లు కొడతాడు, ఆమె పనిచేసే రికార్డుల షాపులో పాటకు పెదాలు కదుపుతూ గంతులేస్తాడు. చేసేదంతా ప్రేమ కోసమే. ఆమెకు మాత్రం బ్లేన్ కనబడితే చాలు, కళ్ళు దీపాలవుతాయి.

బ్లేన్ ప్రామ్‌కి రమ్మని పిలుస్తాడు. ఆపైన డబ్బున్న స్నేహితుల ఎగతాళికి జడిసి, ఇంకో అమ్మాయిని ముందే పిలిచానని అబద్ధమాడి తప్పుకుంటాడు. ఆండీ ఏడుస్తూ కూర్చోదు. పాత గౌన్లు కత్తిరించి తనే గులాబీరంగు గౌను కుట్టుకుని ఒంటరిగా బయల్దేరుతుంది. (ఆ గౌను రింగ్‌వాల్డ్‌కి బొత్తిగా నచ్చలేదట. నాకూ నచ్చలేదు!) గుమ్మంలో డక్కీ నిలబడి వుంటాడు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి...

మొదట తీసిన క్లైమాక్సు అదే. ఆండీ, డక్కీ కలిసి డాన్సు చేస్తారు, శుభం. తీరా జనానికి ప్రివ్యూ వేస్తే, అంతవరకూ మురిసిపోయిన ప్రేక్షకులు ముగింపు చూసి గోల చేశారు. అమ్మాయికి బ్లేనే కావాలన్నారు. నిర్మాతలకు చెమటలు పట్టాయి. మళ్ళీ సెట్టు, మళ్ళీ షూటింగు! ఈలోపు మెకార్తీ ఒక నాటకం కోసం గుండు కొట్టించుకున్నాడు. చేసేదిలేక విగ్గు పెట్టారు. ఈసారి చూసినప్పుడు చివరి సీనులో బ్లేన్ జుట్టు గమనించండి, అతని దిగులు ముఖానికి సగం కారణం అదే!

పాటకీ అదే గతి. ఓ.ఎం.డి. బృందం పాత ముగింపు కోసం కట్టిన పాట కొత్తదానికి అతకలేదు. దాంతో ఒక్కరోజులో ‘ఇఫ్ యూ లీవ్’ కట్టారు. అదే బిల్‌బోర్డు జాబితాలో 4వ స్థానం దాకా ఎక్కింది. హడావిడి పనులన్నీ చెడిపోవు సుమండీ!

మరి డక్కీ సంగతి? ‘నువ్వే కావాలి’ (2000) చూసినవాళ్ళు తడుముకోకుండా డక్కీ పార్టీ కట్టేస్తారు. చిన్ననాటి స్నేహానిదే గెలుపు కావాలంటారు. నేను మాత్రం కట్టను. స్నేహమనేది ముందు కట్టిన అడ్వాన్సు కాదు, తర్వాత ప్రేమ కింద జమ వేసుకోడానికి. ఆండీ ఒక్కసారైనా డక్కీకి ఆశ పెట్టిందా? లేదు. అతను ఇన్నాళ్ళు తిరిగాడు గనక ఆమె ఒప్పుకుని తీరాలంటే, ఆ పిల్ల మనసుకి విలువేదీ?

నా కోపమల్లా బ్లేన్ మీద. అందరి ముందూ కాదన్నవాడు రెండు ముక్కలు గొణిగి అమ్మాయిని గెలుచుకుపోయాడు! పాత ముగింపులో ఇద్దరు పేద పిల్లలు ఎవరి దయా లేకుండా ఆ హాలు మధ్య నిలబడ్డారు. నాకు ఇష్టమైంది అది, ప్రేమజంటగా అయినా కాకపోయినా సరే. కొత్త ముగింపులో డక్కీయే ‘వెళ్ళు’ అని ఆండీని పంపుతాడు. సినిమా మొత్తానికి మగాడిలా ప్రవర్తించింది ఆ ఒక్క క్షణం, అదీ డక్కీయే. వెంటనే దూరంగా ఒక అందగత్తె అతన్ని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు మనల్ని ఓదార్చడానికి అతికించిన ముక్క, అంతే!

హ్యూస్ గారికీ మనసులో ములుకు మిగిలిందేమో, మరుసటి ఏడాదే అదే డాయిచ్‌తో ‘సమ్ కైండ్ ఆఫ్ వండర్‌ఫుల్’ తీయించారు. ఇందులో పేదవాడు అబ్బాయి (ఎరిక్ స్టోల్ట్జ్), వెంట వుండే స్నేహితురాలు డ్రమ్ములు వాయించే వాట్స్ (మేరీ స్టూవర్ట్ మాస్టర్‌సన్). అతను కాలేజీకి దాచిన డబ్బంతా పోసి అమండా కోసం వజ్రాల కమ్మలు కొంటాడు. చివరికవి వాట్స్ చెవులకే చేరతాయి. డక్కీకి దక్కని న్యాయం వాట్స్‌కి దక్కింది. కానీ వసూళ్ళు? మొదటిది అమెరికాలో సుమారు 4 కోట్ల డాలర్లు తెస్తే, ఇది 2 కోట్లు దాటలేదు.

అన్నట్టు, కమ్మలు తిరిగిచ్చేసి తెరమీద ఒంటరిగా వెళ్ళిపోయిన అమండా, అంటే లీ థాంప్సన్, 1989లో డాయిచ్ గారినే పెళ్ళాడింది. ఈ ముగింపుకి ప్రివ్యూ వెయ్యలేదు లెండి.

డక్కీ అభిమానులు నన్ను తిడుతూ ఉత్తరాలు రాయొచ్చు. బ్లేన్ అభిమానులు కూడా రాయొచ్చు, కాకపోతే కార్డు మీద చాలు.