నిలిచిన బండి వణకు



పొయ్యిమీది మంట నీలిరంగు వీడి పచ్చబడినచో గాలి చాలలేదనియో, బర్నరు రంధ్రములు పూడెననియో మనము వెంటనే గ్రహింతుము. ఇంతటి పరిశీలన గల మనమే, వాకిట నిలిచిన చిన్నకారు వణకినప్పుడు మాత్రము, అది మగవారి పని యని యూరకుందుము. మేమును నిన్నమొన్నటివఱకు అట్లే యుంటిమి. ఆ యూరకుండుట మాకెంత ముప్పు తేబోయినదో తెలుపుటకే ఈ నెల ఈ విషయము నెత్తుకొంటిమి.

మాది చిత్తూరు. మా వారు ఉపాధ్యాయులు. మా కారు చిన్నది, మూడు సిలిండర్లది, ఒకరు వాడి విడువగా కొన్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి వేఱు జిల్లా యయ్యెను గాని, మాకు వైద్యమునకైనను, మ్రొక్కునకైనను పోవలసినది అచ్చటికే. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా ఇంచుమించు 70 కిలోమీటర్ల దారి. గడచిన వేసవినుండి మా కారున కొక జబ్బు పట్టినది. దారిలో చక్కగా పరుగెత్తును. నిలిపిన తావున మాత్రము ఇంజను ఒకమాఱు బుస్సున లేచును, ఒకమాఱు చతికిలబడును, ఒక్కొక్కప్పుడు ఆగియే పోవును.

ముందుగా ఇంజను సంగతి కొంత తెలిసికొందము. యాక్సిలరేటరుపై కాలు లేనప్పుడు ఇంజను నిమిషమునకు ఇంచుమించు 700 మొదలు 900 చుట్లు నిలుకడగా తిరుగుచుండవలెను. దీనినే ఐడ్లింగు అందురు. అప్పుడు గాలి లోనికి వచ్చు పెద్దద్వారము దాదాపు మూతపడియుండును. సన్నని దారినుండి కొలిచినట్లు గాలి వచ్చును, ఆ గాలికి తగిన పెట్రోలు చేరును. గాలి తూకము 14.7 వంతులైనచో పెట్రోలు ఒక వంతు. పాతకార్లలో ఈ కలుపుటను కార్బ్యురేటరు చేసెడిది. మన దేశమున 2000వ సంవత్సరము మొదలు కాలుష్యనిబంధనలు బిగిసిన పిమ్మట ఆ పని చిన్న కంప్యూటరు చేతికి వచ్చినది. చారులో చిటికెడు ఉప్పు ఎక్కువైనను నాలుకకు తెలియును. కల్యాణపు వంట గంగాళములో తెలియదు. అట్లే బండి వేగముగా పోవునప్పుడు లెక్కకు రాని కొద్దిపాటి దొంగగాలి, నిలిచిన ఇంజనును గడగడలాడించును.

వణకునకు సామాన్యముగా కారణములు నాలుగు. ఒకటి, గాలిద్వారమున, దాని ప్రక్కనుండు సన్నదారిలో మసి పేరుకొనుట. రెండు, స్పార్కు ప్లగ్గులు అరుగుట. ప్లగ్గు కొన లేత గోధుమరంగున నున్నచో మేలు, నల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, తెల్లగా మాడినచో పెట్రోలు తక్కువ యని స్థూలముగా చెప్పవచ్చును. మూడు, ఇంజను వేడిని, గాలిని కొలిచి కంప్యూటరునకు తెలుపు సెన్సరులు తప్పు చెప్పుట. నాలుగు, రబ్బరుగొట్టములు పగిలి, లెక్కలోనికి రాని గాలి చొరబడుట.

మా కారును ఒక షెడ్డున చూపితిమి. గాలిద్వారము కడిగిరి. రెండు దినములు బాగుండెను. మూడవనాడు మొదటికి వచ్చెను. మఱియొక షెడ్డున ప్లగ్గులు మార్చిరి. కంప్యూటరునకు తీగ తగిలించి చూచి, "తప్పేమీ చూపడంలేదు సార్. బహుశా కంప్యూటరే మార్చాలి" అనిరి. దాని వెల మా యింటి నెలజీతమును మించినది. మా వారు ఆలోచనలో పడిరి. ఇంతలో మా అత్తగారి మ్రొక్కు దినము వచ్చెను. కారులోనే కొండకు పోవుటకు నిశ్చయమయ్యెను.

అలిపిరి తనిఖీ వరుసలో మా కారు మూడుమాఱు లాగిపోయెను. వెనుకనుండి హారనుల మ్రోత. మా వారి ముఖము కందినది. వెనుకసీటున అత్తగారు గోవిందనామము చేయుచుండిరి. మేము ముందుసీటున కూర్చుండి ఊరక వినుచుంటిమి.

చిన్ననాడు మా తండ్రిగారు మాకు భారతమున నలోపాఖ్యానము చెప్పిరి. బాహుకుడు రథము తోలుకొని విదర్భకు రాగా, దమయంతి ఆ రథధ్వని వినియే నలుడని యనుమానించినది. అనుమానముతో తృప్తిపడక, కేశినిని పంపి అతని నడవడిని, వంటను గూడ పరీక్షించి నిశ్చయించుకొన్నది. మాకు ఆ కథ జ్ఞప్తికి వచ్చి చెవియొగ్గితిమి. మా వారి పాదముల దగ్గఱనుండి సన్నగా సుయ్యిమను శబ్దము. కాలు బ్రేకుపై నున్నంతసేపు శబ్దమును వణకును గలవు; చేతిబ్రేకు లాగి కాలు తీసినంతనే రెండును లేవు.

"ఏమండీ, బ్రేకు త్రొక్కినప్పుడే వణకుచున్నది. ఒక్కమాఱు చూడుడు" అంటిమి. మొదట నవ్విరి. పిదప త్రొక్కి చూచిరి, విడిచి చూచిరి, మరల త్రొక్కిరి. మూడుమాఱులును అదియే వరుస. ఆయన నవ్వు మాయమైనది. షెడ్డులో జబ్బు ఏల దొరకలేదో అప్పుడు తెలిసినది. అచ్చట బండిని న్యూట్రలున నుంచి, మూత తెఱచి చూచిరి. బ్రేకుపై ఎవరి కాలును లేదు.

బ్రేకునకు ఇంజనుతో పొత్తేమి యందురేమో. మన కాలి బలము చాలదని కార్లలో బూస్టరను గుండ్రని డబ్బా నమర్తురు. పెట్రోలు ఇంజను గాలి పీల్చునప్పు డేర్పడు వ్యాక్యూమును గొట్టముద్వారా అందుకొని, అది మన త్రొక్కును ఇనుమడింపజేయును. అందులోని రబ్బరుపొర చిరిగినచో, బ్రేకు త్రొక్కినప్పుడెల్ల బయటిగాలి ఆ చిరుగునుండి ఇంజనులోనికి జొరబడును. అందువలన వణకు. మేము ఇంజను జబ్బనుకొన్నది నిజమునకు బ్రేకు జబ్బు!

తిరుమల మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను వాడుకలోనికి వచ్చినవి. ఇప్పుడు ఎక్కుటకు రెండవది, దిగుటకు మొదటిది. ఆ వంపులలో, అత్తగారిని వెనుక కూర్చుండబెట్టుకొని, ఆగిపోవు ఇంజనుతో, చిరిగిన బూస్టరుతో దిగియుందుమేమో యని తలచిన నేటికిని మా యొడలు జలదరించును. కారును వరుసనుండి తప్పించి, క్రిందనే నిలిపి, బస్సున కొండకు పోతిమి. "కారుండగా బస్సేమిటమ్మా" అని అత్తగారు దారిపొడవున గొణిగిరి. మరునాడు తిరుపతిలో ఒక మేస్త్రీ బూస్టరు విప్పి, చిరిగిన పొరను వారి చేతిలోనే పెట్టెను. ఆమె మఱి గొణుగలేదు. బూస్టరు మార్చిన పిమ్మట వణకు రాలేదు. కంప్యూటరు పాతదే పనిచేయుచున్నది.

మీ యింట కారున్నచో రెండు పరీక్షలు చేయింపుడు. రెంటికిని బండి సమతలమున, చేతిబ్రేకుతో, న్యూట్రలున నుండవలెను. మొదటిది: ఇంజను ఆపి, బ్రేకు గట్టిపడువఱకు నాలుగైదుమాఱులు త్రొక్కి, త్రొక్కిపట్టియే ఇంజను నడుపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగవలెను; దిగనిచో బూస్టరునకు బలము లేదు. రెండవది: ఇంజను రెండు నిమిషములు నడిపి ఆపి, బ్రేకు త్రొక్కవలెను. మొదటి త్రొక్కు లోతుగా దిగి, తరువాతివి క్రమముగా గట్టిపడిన మేలు; మొదటిదే రాయివలె నున్నచో వ్యాక్యూము నిలుచుట లేదు.

దారిలో ఇంజను ఆగినచో బ్రేకు గట్టిపడును గాని లేకపోదు. ఊరక పదేపదే త్రొక్కక, బలముకొలది ఒక్కటే పట్టున త్రొక్కిపట్టి బండిని ప్రక్కన నిలుపవలెను. స్టీరింగు బిగిసిపోవును గనుక బండి కదలుచున్నంతవఱకు తాళపుచెవి తీయరాదు.

మూత తెఱచి చూచునప్పుడు పైటకొంగు, జడ బిగించుకొనుడు. ఫ్యాను, బెల్టు వానిని చుట్టుకొనును. వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత విప్పరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు, ప్రాణము మాత్రము తీయును.

అన్నిటికంటె ముఖ్యము, చాకలిపద్దు వ్రాయు పుస్తకముననే ఒక పుట కారునకు కేటాయింపుడు. వణకు ఉదయమా, మధ్యాహ్నమా? ఇంజను చల్లగా నున్నదా, వేడెక్కినదా? ఏసీ వేసియుండెనా? కాలు బ్రేకుపై నుండెనా? ఈ నాలుగు మాటలును మెకానిక్కునకు చదివి వినిపింపుడు. మేము మొదటినుండియు అట్లు వ్రాసియున్నచో రెండు షెడ్డుల ఖర్చు తప్పియుండెడిది.

మా కింకను కారు నడుపుట రాదు. వచ్చే నెల నేర్చుకొనుటకు పేరు వ్రాయించుకొంటిమి. ప్రక్కన కూర్చుండి వినుచుందునని మా వారు మాట యిచ్చిరి.