1997 బెస్ట్ రాక్ ఆల్బమ్స్‌లో ‘ఆజాదీ’ ఎందుకు లేదు?

మొన్న ఈద్ రోజు షీర్‌ఖుర్మా తాగుతూ మా అన్న కొడుకు ఫోన్ చూపించాడు. 1997లో వచ్చిన బెస్ట్ రాక్ ఆల్బమ్స్ లిస్టు. “చాచా, ఇది కరెక్టేనా?” అన్నాడు. నా జవానీలో సగం ఆ ఏడాది క్యాసెట్లతోనే గడిచింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. అమెరికా ఉంది, ఇంగ్లాండ్ ఉంది. జునూన్ బ్యాండ్ ‘ఆజాదీ’ మాత్రం లేదు.

అవ్వల్ నంబర్ మీద నాకు బహస్ లేదు. అది రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’దే. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒకే బడిలో చదువుకున్న ఐదుగురు దోస్తుల మూడో ఆల్బమ్ అది. బాత్ పట్టణం దగ్గర ఒక పాత హవేలీలో చాలా భాగం రికార్డు చేశారు. అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్ రాకముందే, మెషీన్ల మధ్య మనిషి ఎంత తన్‌హా అవుతాడో వినిపించారు. ‘ఫిట్టర్ హ్యాపియర్’లో మాటలన్నీ కంప్యూటర్ గొంతే చెబుతుంది. అప్పట్లో తమాషాగా అనిపించింది. ఇప్పుడు వింటే భయమేస్తుంది.

బాబ్ డిలాన్ ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ కూడా ఆ ఏడాదిదే. దాని నిండా మౌత్ నీడ. అందరూ ఆయన జబ్బు వల్ల అనుకున్నారు గానీ, రికార్డింగ్ అయ్యాకే ఆయన ఆస్పత్రి పాలయ్యాడు. ద వర్వ్ ‘అర్బన్ హిమ్స్’ సంగతి వేరే. అందులోని ‘బిట్టర్ స్వీట్ సింఫనీ’లో రోలింగ్ స్టోన్స్ పాట ఆర్కెస్ట్రా ముక్క వాడారని ఆ పాట హక్కులు అవతలివాళ్లకు పోయాయి. రాసిన రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌కు అవి తిరిగొచ్చేసరికి 2019 అయింది. ఇన్సాఫ్‌కి ఇరవై రెండేళ్లు!

ఇక ‘ఆజాదీ’. లాహోర్‌లో డాక్టరీ చదివి గిటార్ పట్టిన సల్మాన్ అహ్మద్, గొంతు చించుకుని పాడే అలీ అజ్మత్, న్యూయార్క్ వైపు నుంచి వచ్చిన బేస్ వాద్యగాడు బ్రయాన్ ఓకానెల్. ఎలక్ట్రిక్ గిటార్ పక్కన తబలా పెట్టారు. ఎక్కడో ఒకచోట అందరూ పెడతారు, మజా కోసం. వీళ్లది ఆ వరస కాదు. ‘సయోనీ’లో తబలా తీసేస్తే పాటే నిలబడదు. ‘ఖుదీ’లో అల్లామా ఇక్బాల్ షేర్‌ని గిటార్ రిఫ్ మీదికి ఎక్కించారు. ముషాయిరాల్లో విన్న మాటలు జీన్స్ తొడుక్కుని గల్లీలోకి వచ్చినట్టుంటుంది. ఐబులు లేవని కాదు. రెండు మూడు పాటలు ఒకేలా ఉంటాయి, డ్రమ్స్ రికార్డింగ్ పల్చగా ఉంటుంది. అయినా రాక్ అంటే గుస్సా, తడప్, ఇష్క్ అయితే, అవన్నీ ఇందులో ఉన్నాయి.

మరి లిస్టులో ఎందుకు లేదు? ఉర్దూలో పాడితే ఇంగ్లిష్ పత్రికలవాళ్లు దాన్ని ‘వరల్డ్ మ్యూజిక్’ అరలో పెట్టేస్తారు. వాళ్ల లెక్కలో వరల్డ్ వేరు, రాక్ వేరు. ఇది వాళ్ల కుసూర్.

మన వైపు కుసూర్ కూడా చెప్పాలి. మనమూ ఈ ఆల్బమ్ పేరు గట్టిగా చెప్పలేదు. 1999 కార్గిల్ రోజుల్లో ఈ క్యాసెట్ పెడితే అమ్మీ వచ్చి వాల్యూమ్ తగ్గించేది. పాట హలాలా హరామా అన్న సవాల్ కాదది. “పక్కింటోళ్లు వింటే ఏమనుకుంటారు బేటా” అనేది. మా గల్లీ చివర నా దోస్త్ ఒకడు, ముసల్మాన్ కాదు, అదే క్యాసెట్ ఫుల్ సౌండ్‌లో పెట్టేవాడు. వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మీ ఖౌఫ్ జూటా కాదు, అందుకే ఆమె మీద నాకు కోపం రాలేదు. కానీ నచ్చిన పాటను నచ్చిందని చెప్పడానికి కూడా ముందు గల్లీ అటూ ఇటూ చూసుకోవాల్సి రావడం, దాని దర్ద్ వేరు.

తమాషా ఏమిటంటే, అదే బ్యాండ్‌ను వాళ్ల ముల్క్ కూడా షక్‌తోనే చూసింది. 1998లో రెండు దేశాలూ అణు పరీక్షలు చేశాక, బాంబులను తప్పుపట్టినందుకు అక్కడి సర్కారీ టీవీలో, రేడియోలో వాళ్ల పాటలు బంద్ చేశారు.

నా లిస్టు ఇదీ: ‘ఓకే కంప్యూటర్’, ‘ఆజాదీ’, ‘అర్బన్ హిమ్స్’, తర్వాత డిలాన్. హమ్‌దర్దీతో ఇచ్చిన రెండో నంబర్ కాదు, మొన్న మళ్లీ నాలుగూ విని ఇచ్చింది. మా వాడు మాత్రం డిలాన్‌ను చివర్లో పెట్టినందుకు ఇంకా నాతో జగ్డా పెట్టుకుంటున్నాడు.